ఇరవై ఒక్క రోజులు ఎవ్వరూ ఏరని గల్లీ

నాకు కోపం ఎక్కువ. గొప్పకు చెప్తలేను, సిగ్గుతోనే చెప్తున్న. సంతోష్‌నగర్‌ల మా గల్లీ మొదట్ల, కానుగ చెట్టు నీడకు తోపుడు బండి పెట్టుకొని ఇస్త్రీ చేస్త నేను. ఏండ్ల సంది గదే జాగ, గదే బండి. ఎవరి చొక్కాకు గుండీ ఊడిందో, ఏ సారు ప్యాంటు నడుము కాడ వదులు చేయించుకున్నడో నాకు ఎరుకే. నా నోరు ఎసొంటిదో గల్లీకి గూడ ఎరుకే.

నా దగ్గర రెండు పెట్టెలుంటయి. ఒకటి గ్యాసుది, చొక్కాలకు, చీరెలకు. ఇంకోటి మా నాయన బొగ్గుల పెట్టె. ఏడు కిలోల ఇత్తడి. నాయన శాలిబండల ఒక ఇత్తడి పనాయన ముంగట కూసోని మరీ చేయించుకున్నడు. దాని కట్టె పిడి మొదలు నాయన చేతికి అరిగింది, ఇప్పుడు నా చేతికి అరుగుతున్నది. మందం పరదాలు, దుప్పట్లు దానికి తప్ప దేనికీ లొంగవు. నాయన పోయినంక ఆయన ఫోటో కన్నా ఆ పెట్టెనే నేను ఎక్కువ చూసుకున్న. గందుకే అది కనవడకపోతే నాకు మతి పోయింది.

రోజు పొద్దుగాల ఏడు కొట్టకముందే మా గల్లీకి ఒకామె వచ్చేది. భుజం మీద పెద్ద ప్లాస్టిక్ సంచి, చేతిల ఇనుప కడ్డీ, దాని కొసకు అయస్కాంతం. అట్టలు, సీసాలు, తుప్పు వట్టిన మొలలు ఏరుకపోయేది. నాకన్నా చిన్నది. నా బొగ్గుల బూడిద ఒక డబ్బల వోసి గోడ పక్కన బండ మీద పెట్టేదాన్ని. గిన్నెలు తోముకోనీకి ఆమె తీస్కపోయేది. "అక్కా, బూడిద" అనేది. "తీస్కో" అనేదాన్ని. ఐదేండ్లల మా ఇద్దరి ముచ్చట గంతనే.

పెట్టె చల్లారనీకి కూడ నేను ఆ బండ మీదనే పెడుత. అసలు లొల్లి అక్కడనే వచ్చింది.

ఆ రోజు పదింటికి బొగ్గులు అంటుపెడదామని చూస్తే బండ మీద పెట్టె లేదు. బండి కింద చూసిన, బట్టల కింద చూసిన, ఇంట్లకు ఉరికి మంచం కింద చూసిన. లేదు. బండ మీద బూడిద డబ్బ ఖాళీగ ఉన్నది. ఇగ నా బుర్ర ఇంకో దిక్కు పోలే. ఏడింటికి వచ్చి బూడిద తీస్కపోయినామె తప్ప ఆ బండ మీద చెయ్యి పెట్టేటోళ్ళు ఎవరున్నరు?

ఆమె ఇంకా గల్లీ చివర్లనే ఉన్నది, అట్టలు తొక్కి మడతవెడుతున్నది. ఉరికి పోయి సంచి గుంజుకున్న. అడగలే, చెప్పలే. సంచి తలకిందులు చేసి నడి రోడ్డు మీద గుమ్మరించిన. సీసాలు దొర్లుకుంట మోరి దాంక పోయినయి. పెట్టె లేదు.

"ఏడ వెట్టినవ్? అప్పుడే అమ్ముకున్నవా?" అని అరిచిన.

"ఏంది అక్కా? ఏం పోయింది?" అన్నది. ఆమె మొఖం ఎట్లయిందో నాకు ఇప్పటికీ యాదికున్నది.

"ఏం పోయిందో నీకు ఎరుక లేదా? మా నాయన పెట్టె! ఇత్తడి జూసి కన్ను కుట్టిందా?"

గంతటితోని ఊకున్ననా? ఊకోలే. గల్లీల ఒక్కొక్క గేటు కాడ ఆగి, "అమ్మా, గేట్లు ఏస్కోండ్రి, ఏరుకునేటామె చెయ్యి మంచిది కాదు" అని చెప్పుకుంట వచ్చిన. పదిహేడు గేట్లు. ఆమె రోడ్డు మీద కూసోని ఒక్కొక్క సీసా ఏరి సంచిల వేసుకున్నది. పొయ్యేటప్పుడు నా బండి కాడ ఆగి, బూడిద డబ్బ బండ మీద బోర్లించి పెట్టి పోయింది.

తెల్లారి ఆమె రాలే. రాదు, ఎట్లొస్తది అనుకున్న. మూడో రోజుకు గల్లీల అట్టలు కుప్పవడ్డయి. మున్సిపాలిటీ ఆటో తడి చెత్త తీస్కపోతది గని అట్టలు, సీసాలు ముట్టది. ఆమె రాకుంటే ఇంకో ఆమె వస్తది గదా? ఎవ్వరూ రాలే. పక్క గల్లీల ఏరేటామె మా మూల దాంక వచ్చి, అక్కడ్నుంచే మళ్ళి పోయేది. మా గల్లీల కాలు పెట్టలే.

మా మూలకు సైదాబాద్ పొయ్యే షేర్ ఆటోలు ఆగుతయి. అక్కడ ఒక భాయ్ ఉంటడు, ఆ ఏరుకునేటోళ్ళ బస్తీ పక్కనే ఆయన ఇల్లు. ఆయనను అడిగిన, "ఏంది భాయ్, మా గల్లీకి శాపం తగిలిందా?"

"శాపం కాదు అక్కా, బంద్ వెట్టిన్రు. నువ్వే గదా ఆమె మీద దొంగతనం వేసినవ్?"

"వేస్తే?"

"అరే, వాళ్ళది కూడ ఒక హుకూమత్, ఒక పాలన ఉన్నది. కాయితం లేదు, మొహర్ ముద్ర లేదు, అయినా నడుస్తది."

భాయ్ చాయ్ తాగుకుంట అంత చెప్పిండు. ఒక్కో గల్లీ ఒక్కో ఆడిదానిది. అత్త కోడలికి ఇస్తది, తల్లి బిడ్డకిస్తది, ఇంకోళ్ళు అడుగు పెట్టొద్దు. గేటు లోపలి వస్తువును ముట్టొద్దు, మెట్టు మీద ఖాళీ సీసా ఉన్నా సరే. ఎవరన్న ఒకామె మీద దొంగతనం వేస్తే ఆమె సంచి, కడ్డీ రెండూ వాళ్ళ పెద్దవ్వ ఇంటికి పోతయి. పెద్దవ్వ సంచిని తన దర్వాజకు తాడుతోని కట్టేస్తది. ఇరవై ఒక్క రోజు పూచ్‌తాచ్, అంటే విచారణ. అందాంక ఆమె ఏ గల్లీల ఏరొద్దు, ఆమె గల్లీల ఎవ్వరూ ఏరొద్దు.

"గదేంది? ఆ గల్లీ ఇంకో ఆమెకు ఇయ్యొచ్చు గదా, చెత్త పేరుకుంటున్నది."

"ఇస్తే ఎట్ల అక్కా? రేపు నీ గల్లీ మీద నా కన్ను పడ్తది. ఎవల్తోనన్న నీ మీద ఒక మాట అనిపిస్తే సాలు, గల్లీ నాదైతది. గందుకే ఇరవై ఒక్క రోజులు ఎవ్వరికీ ఫాయిదా ఉండొద్దు. గది వాళ్ళ రివాజు."

ఇట్లాంటి అకల్, గింత తెలివి చదువుకున్నోళ్ళకన్న ఉంటదా అనిపించింది.

"ఇరవై ఒక్క రోజులకు ఏమీ తేలకపోతే?"

భాయ్ గిలాస కింద వెట్టిండు. "గల్లీ పోతది. చిట్టీలు ఏసి ఇంకోళ్ళకు ఇస్తరు. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ బడికి పోతరు. మొగుడు లేడు. ఆ గల్లీ మీదనే నడుస్తది వాళ్ళ ఇల్లు. దొంగ అని పేరు వడ్డంక ఇంకో పని ఎవరిస్తరు?"

"మరి దొంగతనం చేస్తే పోదా?" అన్న. నోరు గట్లనే అన్నది.

మర్నాడు బస్తీ నుంచి ఇద్దరు నా బండి కాడికొచ్చిన్రు. పెద్దవ్వ ఒకతి, బక్కగ, కండ్లకు మందం అద్దాలు. ఆమె ఎంబడి ఒక తాత, తెల్ల అంగీ, కాళ్ళకు రబ్బరు చెప్పులు. పెద్దవ్వ నాకు నమస్తే చెప్పింది. "బిడ్డా, మా పిల్ల మీద నీ మాట ఉన్నది. చూసి పోదామని వచ్చినం" అన్నది.

తాత బండ చూసిండు, గోడ చూసిండు, బండ నుంచి గేటు దాంక అడుగులు వేసిండు. నాకు మండింది. "ఏంది తాతా, నువ్వేమన్న సీఐడీవా?" అన్న.

"కాదు బిడ్డా. దొంగను. జమానల బస్సులల్ల జేబులు కొట్టిన, ఇండ్లల్ల ఇత్తడి ఎత్తుకపోయిన. మోకాళ్ళు వంగుతలేవని ఇడిసిపెట్టిన" అన్నడు, ఏదో రైల్వేల రిటైర్ అయినట్టు. "పోయిన సొమ్ము ఎటు పోతదో మా అసొంటోళ్ళకు ఎరుకైతదని పంచాయితీల నన్ను కూసోవెట్టుకున్నరు."

నాకు నవ్వాల్నో కొట్టాల్నో సమజ్ కాలే.

"పాత సామాన్ల దుకాన్లన్నీ తిరిగిన. ఇత్తడి ఇస్త్రీ పెట్టె ఎవ్వరి కాటా ఎక్కలే. ఏడు కిలోలు సంచిల వేసుకుంటే ఆడిది ఒక పక్కకు ఒరిగి నడుస్తది. ఆమె గట్ల నడిచిందా?"

"నేను చూడలే."

"ముందటి రోజు ఏం ఇస్త్రీ చేసినవ్?"

"పరదాలు. కరెంటాఫీసు సారోళ్ళవి."

"ఆ పరదాలు యాడున్నయి?"

"సారు పొద్దుగాల ఆరింటికే స్కూటర్ మీద తీస్కపోయిండు. బిడ్డ కాన్పుకని వాళ్ళు అటే బయటూరికి పోయిన్రు, ఇంటికి తాళం. అయితే ఏంది? సారు దొంగంటవా?"

"ఎవ్వర్నీ దొంగ అంటలేను బిడ్డా. ఆ మాట నోట్లెకెళ్ళి ఎంత కష్టంగ రావాల్నో నాకు ఎరుకే" అన్నడు. "సారుకు ఒక్క ఫోన్ గొట్టి అడుగు. గంతే."

వాళ్ళు పోయిన్రు. నేను ఫోన్ చెయ్యలే. సారు నంబర్ నా ఫోన్ల ఉన్నది. అది ఒక్క నిమిషం పని. ఇప్పుడు రాస్తుంటే కూడ నా మీద నాకు మండుతున్నది. జేబులు కొట్టేటోడొచ్చి నాకు పని చెప్పుడేంది అని ఒకటి. పరదాలల్ల పెట్టె ఉంటే గల్లీ ముంగట నా మొఖం ఏడ వెట్టుకోవాలె అని ఇంకోటి. మొదటిదే నన్ను ఆపింది అనుకున్న, నిజానికి రెండోదే. ఒక్కొక్క రోజు పోయేది. అట్టలు గోడంత ఎత్తు పేరినయి. గల్లీల ఆడోళ్ళు నన్నే అడగవట్టిన్రు, "ఏంది, ఎవ్వరూ వస్తలేరు?" అని. నేను వేరే ముచ్చట తీసేదాన్ని. రాత్రి పండుకుంటే ఆ బోర్లించిన డబ్బ కండ్లల్ల మెదిలేది.

ఇరవయ్యో రోజు పొద్దుమీకి సారు స్కూటర్ నా బండి ముంగట ఆగింది. కాళ్ళ కాడ గోనె సంచి, దాంట్ల ఏదో బరువు.

"ఏందమ్మా, మాకు పరదాలతోని పాటు దీన్ని కూడ ఇస్త్రీ చేసి ఇచ్చినవా?" అని నవ్వుకుంట తీసిండు. నాయన పెట్టె.

అప్పుడు నాకు అంత యాదికొచ్చింది. మందం పరదాలు మడతవెడితే మాట వినవు, లేచి కూసుంటయి. చల్లారిన పెట్టెను వాటి మీద బరువుకు వెట్టి రాత్రంత ఉంచుడు మా పనిల అలవాటు. నాయన నేర్పిందే. పొద్దుగాల సారు తొందర చేస్తే, దుప్పటి నాలుగు మూలలు గుంజి, పెట్టెతోని సహా ముడి వేసిన. ఆ రోజు సారు మూట ఎత్తుకుంట, "ఏందమ్మా గింత బరువున్నది?" అన్నడు గూడ. "పరదాలు సారూ, దూది కాదు" అని నేనే ఎక్కిరించిన! వాళ్ళు మూటను గట్లనే బీరువల వెట్టి తాళం వేసుకొని పోయిన్రు.

సారు పోయినంక బండి కాడనే కూలవడ్డ. మస్తు ఏడ్చిన. పెట్టె దొరికిందని కాదు.

ఇగ దాస్తే దాగుతది. ఎవరికి ఎరుక? సారు తప్ప ఎవ్వరికీ తెల్వదు. పెట్టెను ఇంట్ల పెట్టి, గ్యాసు పెట్టెతోనే పని నడుపుకుంటే అయిపాయె. ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. వచ్చింది, చాయ్ మరిగే అంత సేపు ఉన్నది. రేపటితోని ఆమె గల్లీ పోతది అన్న మాట యాదికొచ్చి, స్టవ్ బంద్ చేసి లేచిన.

తెల్లారి పని బంద్ వెట్టి, పెట్టెను సంచిల వేసుకొని భాయ్ ఆటో ఎక్కిన. బస్తీల ఒక రేకుల షెడ్డు కింద ఆడోళ్ళు ముప్పై మంది దాంక ఉన్నరు, అట్టలు, సీసాలు వేరు చేసి నింపిన సంచుల మీదనే కూసున్నరు. పెద్దవ్వ దర్వాజకు ఏరుకునేటామె సంచి తాడుతోని కట్టి ఉన్నది. ఆమె ఒక మూలకు కింద కూసున్నది. చిక్కిపోయింది. చిట్టీలు రాసి ఒక గిన్నెల వేసిన్రు.

సంచిల నుంచి పెట్టె తీసి నడుమ వెట్టిన.

"దొరికింది" అన్న.

తాత ఒక్కటే అడిగిండు, "పరదాలల్ల ఉన్నదా?"

"ఉన్నది. నేనే వెట్టి ముడి వేసిన. నువ్వు ఫోన్ చెయ్యమన్నవ్, నేను చెయ్యలే. ఆమె తప్పేం లేదు, అంత నాదే."

ఇగ చూడు లొల్లి! ఒకామె లేచి, "వాళ్ళ గల్లీ దిక్కే పోవద్దు, చెత్తల మునగనియ్యిన్రి" అన్నది. ఇంకో ఆమె నా ఇంటి ముందర కూసుందమన్నది. నేను తల దించుకొని నిలబడ్డ.

పెద్దవ్వ చెయ్యి ఎత్తింది, అందరూ ఊకున్నరు. "పైసలు దండుగ వెట్టుడు మా కాడ లేదు. మాట వడ్డ మనిషి ఏమంటదో గదే తీర్పు" అని ఆమె దిక్కు మళ్ళింది. "చెప్పు బిడ్డా."

ఆమె పెట్టె దిక్కు చూసింది. కాలు మొక్కమంటదేమో అనుకున్న. మొక్కుదామనే ఉన్న.

"నా సంచిని అందరి ముంగట గుమ్మరించింది" అన్నది. "గదే సంచి ఆమె మొయ్యాలె. ఏ ఏ గేటు కాడ నన్ను దొంగ అన్నదో, ఆ గేటు కాడ నా పక్కన నిలవడి, కాదని చెప్పాలె. గంతే."

"మోస్తవా?" అని పెద్దవ్వ అడిగింది.

"మోస్త."

పెద్దవ్వ గిన్నెల చిట్టీలను పొయ్యిల వేసింది. తాడు విప్పి, సంచి నా చేతికిచ్చింది. కడ్డీ ఆమె చేతికిచ్చింది. ఆమె ఆ కడ్డీని పైట కొంగుతోని తుడిచింది, గప్పుడు మొదటిసారి ఆమె కండ్లల్ల నీళ్ళు చూసిన.

మా గల్లీల అడుగు పెట్టినంక గని నాకు సమజ్ కాలే. ఇరవై ఒక్క రోజుల అట్టలు, సీసాలు, డబ్బాలు అన్నీ గోడలెంబడి గట్లనే ఉన్నయి. ఒక్క సీసా కూడ ఎవ్వరూ ముట్టలే. ఆమె ఏరలేని రోజులన్నీ ఆమె కోసమే ఆగి ఉన్నయి. ఆమె ఏరి వేస్తుంటే సంచి నిండింది, మల్ల ఒకటి నిండింది, భాయ్ ఆటోల మూడు ట్రిప్పులు వేసినం. రెండో సంచికే నా నడుము వట్టేసింది. "గిదంత రోజూ మోస్తవా?" అంటే, "రోజూ గింత ఉండదు అక్కా, నీ పుణ్యమే" అన్నది. నవ్వలే, గని నవ్వొచ్చే మొఖమే అది.

గేటు గేటుకు నిలవడి చెప్పిన. "అమ్మా, నా పెట్టె ఈమె తీయలే. నేనే పరదాలల్ల ముడి వేసి మర్చిపోయిన. ఈమెను దొంగ అన్నది తప్పు." మొదటి గేటు కాడ నేల చూసుకుంట చెప్పిన. ఐదో గేటుకు అలవాటైంది. ఒక ఇంట్ల మేడం, "పోనీయమ్మా, ఇప్పుడు తీయకుంటే ఇంకెప్పుడో తీసే ఉంటరు, వాళ్ళంత గంతే" అన్నది.

నా కోపం గప్పుడు ఒక్కసారి మంచి పనికొచ్చింది. "ఏంది మేడం వాళ్ళంత? వాళ్ళల్ల ఒకామె మీద మాట వస్తే ఇరవై ఒక్క రోజు ముప్పై మంది కడుపు కట్టుకొని ఈ గల్లీ దిక్కు రాలే. మనల్ల ఎవలన్న గట్ల ఉంటరా? నేను ఒక్క ఫోన్ చెయ్యలే!" అని గల్లీ అంత ఇనవడేటట్టు అరిచిన. పక్కన నిలవడ్డ ఏరుకునేటామె నా మోచెయ్యి వట్టి గుంజింది. "సాలు అక్కా, మల్ల ఇంకో పంచాయితీ వెట్టకు" అన్నది.

పదిహేడో గేటు అయినంక నా బండి కాడికొచ్చినం. బోర్లించిన బూడిద డబ్బ ఇంకా గట్లనే ఉన్నది, నేను ముట్టలే. ఆమె దాన్ని తిరగేసి, దులిపి, బండ మీద వెట్టింది.

"రేపు బొగ్గుల పెట్టె అంటువెడుతవా?" అని అడిగింది.

"వెడ్త."

"అయితే బూడిదకు వస్త."

వచ్చింది. ఏడు కొట్టకముందే. ఇప్పటికీ వస్తది. బిడ్డల బడి బట్టలు ఆదివారం నా బండి మీదికొస్తయి, గోరంత మరక ఉన్నా నాకు ఒక మాట అని మరీ పోతది. గల్లీల అడుగు పెట్టంగనే, అందరూ లేచే ఆ టైంల, మూల నుంచే గట్టిగ అరుస్తది, "అక్కా! పెట్టె ఉన్నదా?"

గేట్లల్ల ఆడోళ్ళు నవ్వుతరు. నాకు ఇప్పటికీ చెవులు ఎర్రగయితయి. చేతిల పని ఆపి, నాయన పెట్టెను రెండు చేతులతోని పైకెత్తి గల్లీ అంతటికీ చూపిస్త.

"ఉన్నది చెల్లే, ఉన్నది. రా."